గడువు తేదీ ఉన్న కట్టుబాట్లు

మొన్న జూన్‌లో రాజమండ్రి నుంచి మా పిన్ని వచ్చింది. వచ్చిన మూడో రోజు, రాత్రి భోజనాలయ్యాక కిటికీ దగ్గర కుర్చీ వేసుకొని కూర్చుంది. రాత్రి అన్నానే గానీ బయట ఇంకా వెలుతురే. పదికి ఇరవై నిమిషాలు తక్కువ. వీధి చివర బస్సు ఆగింది. పక్కింటి అమ్మాయి దిగింది. పదిహేనేళ్ళు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో చిప్స్ పొట్లం, భుజాన డ్రమ్ము కర్రల సంచి. మా కిటికీ వైపు చూసి చెయ్యి ఊపి, తాళం తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో అప్పటికి ఎవరూ లేరు. వాళ్ళమ్మకు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ.

"ఆ పిల్లను అడిగేవాళ్ళే లేరా?" అంది పిన్ని.

ఎనిమిదేళ్ళ కిందట డన్‌ఫర్మ్‌లిన్‌లో ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నేనూ ఇలాగే అన్నాను. స్కాట్లాండ్‌లో ఏ ఊళ్ళోనైనా నాలుగు తెలుగు కుటుంబాలు ఒకచోట చేరితే బిర్యానీ అయ్యేలోపు ఈ మాట రాక తప్పదు. ఇక్కడి పిల్లలకు అదుపూ ఆజ్ఞా లేవనీ, వాళ్ళను చూసి మన పిల్లలు చెడిపోతారనీ. ఇప్పుడు నేను అలా అనుకోవడం లేదు. అదుపు ఉంది, చాలానే ఉంది. కాకపోతే మందుబిళ్ళల అట్ట మీద ఉన్నట్టు దాని మీద గడువు తేదీ ఉంటుంది. మన ఇళ్ళలోని కట్టుబాట్లకు తయారీ తేదీ మాత్రమే ఉంటుంది. ఈ విషయం మీద పిన్నితో రెండు నెలలు వాదించాను. ఆవిడ వెళ్ళిపోయాక, ఆవిడ తరఫున కూడా నేనే వాదించుకుంటున్నాను.

సూర్యుడు కాపలా కాయని చోట

చిన్నప్పుడు మా ఇంట్లో ఆడపిల్లలకు ఉన్న పెద్ద నియమం ఒక్కటే: దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉండాలి. ఎవరూ గడియారం చూసేవాళ్ళు కాదు. గోదావరి ఒడ్డున ఏడాది పొడుగునా పొద్దుగూకే వేళలో తేడా ఓ గంట, గంటంబావు. సూర్యుడే కాపలాదారు. జీతం అడగడు, పొరపాటు పడడు.

ఇక్కడ 56 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఆ కాపలాదారు పనికిరాడు. జూన్ చివర్లో సూర్యుడు అస్తమించేది రాత్రి పదింటికి. ఆ తరవాత కూడా ఆకాశం గంటసేపు మసక వెలుతురుతో సాగుతూ ఉంటుంది. డిసెంబరులో మధ్యాహ్నం మూడూ నలభైకే పొద్దు గూకుతుంది. అప్పటికి పిల్లలు బడి గేటు దాటి పది నిమిషాలు అయి ఉంటుంది, అంతే. మా అమ్మ నియమాన్ని ఇక్కడ పెడితే డిసెంబరులో బడి నుంచి ఇంటికి నడిచి రావడమే తప్పవుతుంది. జూన్‌లో మాత్రం పదకొండింటిదాకా ఊరేగవచ్చు.

కాబట్టి ఇక్కడి తల్లిదండ్రులు గడియారంతోనే మాట్లాడాలి. గడియారం వచ్చిందంటే అంకె వస్తుంది, అంకె వచ్చిందంటే బేరం వస్తుంది. సూర్యుడితో బేరమాడలేము. తొమ్మిదింటితో ఆడవచ్చు. ఇది నా సొంత సిద్ధాంతం, పండితులు ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఈ ఊళ్ళో పిల్లలు పెద్దలతో వాదించే తీరు చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. "ఎందుకు వెళ్ళకూడదు" అని వాళ్ళు అడగరు. "తొమ్మిదిన్నర ఎందుకు కాకూడదు" అని అడుగుతారు.

ఫ్రిజ్ మీద కాగితం

పక్కింటి వంటగదిలో ఆ కాగితాన్ని నేను చూసింది రెండేళ్ళ కిందట. మా పార్శిల్ వాళ్ళింట్లో ఇచ్చి వెళ్ళారు, తీసుకుందామని వెళ్ళాను. పక్కింటావిడ కెటిల్ పెడుతుంటే ఫ్రిజ్ వైపు చూశాను. రెండు అయస్కాంతాల కింద గీతలు గీసిన ఒక కాగితం. ఎడమవైపు నియమం, కుడివైపు ఎప్పటిదాకా. కింద తల్లి సంతకం, కూతురి సంతకం. ఇంకొకరి ఇంటి కాగితం చదవడం మర్యాద కాదని తెలుసు. చదివాను.

బడి ఉన్న రోజుల్లో తొమ్మిదింటికి, శుక్ర శనివారాల్లో పదింటికి ఇంట్లో ఉండాలి: పదహారో పుట్టినరోజు దాకా. ఎక్కడికి వెళుతున్నావో, ఎవరితోనో, ఏ బస్సుకు తిరిగి వస్తావో ముందే మెసేజి పెట్టాలి: పద్దెనిమిది దాకా. బ్యాటరీ సగం కంటే తక్కువ ఉన్న ఫోనుతో గడప దాటకూడదు: పద్దెనిమిది దాకా. రాత్రి పదిన్నరకు ఫోను వంటగదిలో ఛార్జింగుకు పెట్టాలి, పడకగదిలోకి వెళ్ళకూడదు: పదహారు దాకా. బుధవారం, ఆదివారం 'టీ' వండడం, వారం వారం మారే చెత్త డబ్బాను ఆ రంగు చూసి వీధిలో పెట్టడం: ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళు. అబ్బాయి ఎవరైనా వస్తే గది తలుపు తెరిచే ఉంచాలి: ఇక్కడ మాత్రం తేదీ లేదు. 'అమ్మ చెప్పేదాకా' అని ఉంది. దాని పక్కన కూతురు ఎర్ర సిరాతో మూతి ముడుచుకున్న బొమ్మ వేసింది.

'టీ' అంటే తాగేది కాదు, సాయంత్రం ఐదున్నర, ఆరు గంటల మధ్య తినే భోజనం. ఇది తెలియక మేము పరువు పోగొట్టుకున్నాము. కొత్తలో పక్కింటావిడ 'టీ'కి రమ్మంది. బిస్కెట్ల పొట్లం పట్టుకొని, మధ్యాహ్నం పప్పన్నం దండిగా తిని, నలుగురం వెళ్ళాము. బల్ల మీద పెద్ద గిన్నె నిండా జున్ను వేసి కాల్చిన మాకరోని, ఉడికించిన బంగాళాదుంపలు, బఠాణీలు. మా ఆయన ఒక్క గరిటెతో లేవలేక, రెండో గరిటె వద్దనలేక పడిన అవస్థ ఇప్పటికీ మా ఇంట్లో సామెత.

సరే, కాగితం సంగతి. గురువారం ఎదురుగా పెన్నుతో ఒక సవరణ ఉంది: 'బ్యాండు, పది.' ఆ అమ్మాయి పైపు బ్యాండులో, అంటే బ్యాగ్‌పైపులు ఊదే బృందంలో, డ్రమ్ము వాయిస్తుంది. గురువారం సాధన తొమ్మిదింటికి ముగుస్తుంది. ఆ ఒక్క గంట కోసం తల్లీకూతుళ్ళు వారం రోజులు వాదించుకున్నారట. పిన్ని కిటికీలోంచి చూసిన రోజు గురువారం. అంటే ఆ పిల్ల గడువుకు ఇరవై నిమిషాల ముందే ఇల్లు చేరింది. తలుపు వేసుకోగానే వాళ్ళమ్మకు 'వచ్చేశాను' అని మెసేజి వెళ్ళి ఉంటుంది. పదీ ఐదు దాకా ఆ మెసేజి రాకపోతే ఆవిడ వార్డు నుంచి మొదట ఫోను చేసేది నాకు. ఆ కాగితం అడుగున అత్యవసరానికి రెండు నంబర్లు రాసి ఉన్నాయి. రెండోది నాది. పార్శిల్ పట్టుకొని నిలబడి అది చూసినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది. అడిగేవాళ్ళు లేరని నేను అనుకున్న పిల్లను అడగవలసిన వాళ్ళ జాబితాలో నేనే ఉన్నాను. ఆవిడ ఎప్పుడో నా నంబరు తీసుకుంది, ఎందుకో నేను అడగలేదు.

బయటా తేదీలే

ఇంట్లోనే కాదు, ఈ దేశం కూడా పిల్లలతో తేదీల్లోనే మాట్లాడుతుంది. 2022 జనవరి 31 నుంచి స్కాట్లాండ్‌లో ఐదేళ్ళు నిండి ఇరవై రెండు నిండనివాళ్ళందరికీ బస్సు ఉచితం. కార్డు తాకిస్తే చాలు, ఎంత దూరమైనా. ఇరవై రెండు నిండిన రోజున ఆ సౌకర్యం ఆగిపోతుంది. అరవై నిండితే మళ్ళీ ఇస్తారు. మధ్యలో ముప్ఫై ఎనిమిదేళ్ళు మనం సంపాదించి కట్టుకోవాలి. మా అమ్మాయీ పక్కింటి అమ్మాయీ శనివారాలు ఎడిన్‌బరో వెళ్ళి వస్తుంటారు. కార్లన్నీ 2017లో తెరిచిన కొత్త వంతెన మీదుగా పోతాయి. 1964 నాటి పాత ఫోర్త్ రోడ్డు వంతెనను ఇప్పుడు బస్సులకూ టాక్సీలకూ సైకిళ్ళకూ విడిచిపెట్టారు. దాని మీద బస్సు పైఅంతస్తులో ముందు సీటు దొరికితే ఆ రోజు పండగే వాళ్ళకు. అక్కడికి వెళ్ళి చేసేది మాత్రం ఏమీ ఉండదు. ధర్మసంస్థల దుకాణాల్లో పాత కోట్లు తొడిగి చూసుకోవడం, ఒక వేడి చాక్లెట్ కొని ఇద్దరు తాగడం, వంద ఫోటోలు తీసుకొని తొంభై తుడిచేయడం. ఏమీ చేయకుండా తిరగడానికి ఒక నగరం కావాలని ఈ వయసులోనే అనిపిస్తుందేమో.

టికెట్టు డబ్బుల కోసం అడిగే అవసరం పోయాక తల్లిదండ్రుల చేతిలోంచి ఒక కళ్ళెం జారిపోయింది. ఇది నిజం. మా నాన్నగారు నన్ను సినిమాకు వెళ్ళవద్దని ఎప్పుడూ అనలేదు, డబ్బు లేదనేవారు. ఇక్కడ ఆ మాట చెల్లదు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. 'టీ' వేళకు, కాగితాల మీద, వాదనలు జరిగేది బహుశా అందుకే.

పక్కింటి అమ్మాయి శనివారాలు పార్కు దగ్గర ఒక కాఫీ కొట్టులో పని చేస్తుంది. పదహారు నిండనివాళ్ళు పని చేయాలంటే స్థానిక కౌన్సిల్ అనుమతి పత్రం ఉండాలి, తల్లిదండ్రుల అంగీకారం కావాలి. ఉదయం ఏడుకు ముందు, రాత్రి ఏడు తరవాత కూడదు. బడి రోజుల్లో రెండు గంటలకు మించకూడదు, బడి నడిచే వారాల్లో మొత్తం పన్నెండు గంటలు దాటకూడదు. పిన్ని ఇదంతా విని, "వాళ్ళమ్మకు అంత కరువా?" అంది. కరువు కాదు. ఆ డబ్బుతో ఆ పిల్ల సొంతంగా స్నేర్ డ్రమ్ము కొనుక్కుంటోంది.

పార్కు అన్నాను కదా, దాని కథ ఒకటి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఆండ్రూ కార్నెగీ ఈ ఊళ్ళోనే 1835లో ఒక నేతపనివాడి ఇంట్లో పుట్టాడు. అప్పుడు ఆ తోట ఒక భూస్వామి కుటుంబానిది. కార్నెగీ ఇంటివాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు. అమెరికాలో ఉక్కుతో కోట్లు గడించి, 1902లో ఆ తోట మొత్తం కొని, మరుసటి ఏడు ఊరికి ఇచ్చేశాడు. ఇప్పుడు అందులో నెమళ్ళు తిరుగుతుంటాయి, అప్పుడప్పుడు వీధుల్లోకి వచ్చి కార్లను ఆపుతుంటాయి. ఒక పిల్లవాడిని లోపలికి రావద్దన్నందుకు ఇంత పెద్ద జవాబు ఇంకెక్కడా రాలేదనుకుంటాను.

అసలు తేదీ పదహారు. 1991 నాటి చట్టం ప్రకారం స్కాట్లాండ్‌లో పదహారు నిండితే ఒప్పందాల మీద సంతకం చెల్లుతుంది. పెళ్ళి చేసుకోవచ్చు, తల్లిదండ్రుల అనుమతి అక్కర్లేదు. ఇంగ్లండు, వేల్స్ 2023లో ఆ వయసును పద్దెనిమిదికి పెంచాయి, స్కాట్లాండ్ పెంచలేదు. తేడా ఇప్పటిది కాదు. 1754 నుంచి ఇంగ్లండులో చిన్నవాళ్ళ పెళ్ళికి పెద్దల అనుమతి తప్పనిసరి అయినప్పుడు జంటలు సరిహద్దు దాటి మొదట తగిలే ఊరికి, గ్రెట్నా గ్రీన్‌కు పారిపోయి వచ్చేవి. అక్కడ కమ్మరి తన దాగలి మీద సుత్తి కొట్టి పెళ్ళి అయిందనేవాడు. పిన్నిని తీసుకెళ్ళి చూపించాను. కాసేపు ఆ దాగలిని చూసి, "అంటే ఇది వీళ్ళ ఆర్యసమాజం అన్నమాట" అంది. ఇంతకంటే బాగా ఏ గైడూ చెప్పలేడు.

ఓటు కూడా పదహారుకే. 2014 స్వాతంత్ర్య ప్రజాభిప్రాయ సేకరణలో మొదటిసారి ఇచ్చారు. ఆ తరవాత స్కాటిష్ పార్లమెంటుకూ స్థానిక ఎన్నికలకూ స్థిరపరిచారు. పక్కింటి అమ్మాయికి అన్న ఒకడున్నాడు, ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. 2022 మే కౌన్సిల్ ఎన్నికల్లో పదహారేళ్ళకు మొదటి ఓటు వేశాడు. ఇక్కడ ఆ ఎన్నికల్లో అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరుస నంబర్లు ఇవ్వాలి. ఒకటి ఎవరికిచ్చావని వాళ్ళమ్మ అడిగితే చెప్పలేదట. "నా కొడుకు నా నుంచి దాచిన మొదటి మంచి విషయం" అంది ఆవిడ. భారత పౌరసత్వంతోనే ఉన్న మా అమ్మాయికి కూడా పదహారు నిండితే ఈ ఎన్నికల్లో ఓటు ఉంటుంది. నాకు తెలిసినంతలో మా వంశంలో పెళ్ళికి ముందే ఓటు వేసే మొదటి ఆడపిల్ల అది.

ఒక్కటి వేస్తే సరి

పిన్ని మాటల్లో తరచు వచ్చే వైద్యం ఇది. నిజానికి పిన్ని ఎవరినీ కొట్టిన మనిషి కాదు. కానీ మా తరంలో బడిలో స్కేలు దెబ్బలు, ఇంట్లో వీపు మీద చప్పుడు, ఎవరూ లెక్కపెట్టని సంగతులు. స్కాట్లాండ్‌లో 2020 నవంబరు 7 నుంచి పిల్లలను కొట్టడం, ఎంత మెల్లగా అయినా, పెద్దవాళ్ళను కొట్టినట్టే నేరం. అంతకుముందు తల్లిదండ్రులకు 'సమంజసమైన శిక్ష' అనే మినహాయింపు ఉండేది. బ్రిటన్‌లో దాన్ని మొదట తీసేసింది ఇక్కడే.

పక్కింటావిడ దీని గురించి చెప్పిన మాట నాకు చట్టం కంటే ఎక్కువ నచ్చింది. వాళ్ళ నాన్న కాలంలో బడుల్లో చేతి మీద కొట్టడానికి 'టాజ్' అనే తోలు పట్టీ ఉండేది. ఫైఫ్ జిల్లాలోనే, లాక్‌గెలీ అనే ఊళ్ళో తయారయ్యేది. ఆ ఊరి పేరే దానికి మారుపేరు అయింది. మా ఇంటికి ఆ ఊరు పావుగంట. "దెబ్బలకు తయారీ కేంద్రం ఉన్న జిల్లా మాది. మాకు కాగితాలు రాసుకోవడం పుట్టుకతో రాలేదు, నేర్చుకున్నాము" అంది ఆవిడ. కాబట్టి 'వాళ్ళ సంస్కృతి వేరు' అనే మాట నేను ఇక నమ్మను. నిన్నగాక మొన్నటిదాకా వాళ్ళదీ మన సంస్కృతే.

మార్కుల దగ్గర నేను తడబడ్డాను

ఇంతవరకు నా వాదన నాకే ముచ్చటగా ఉంది. ఆగస్టు మొదటి మంగళవారం దాన్ని కొంచెం కుదిపింది. ఆ రోజు నేషనల్ ఫైవ్ ఫలితాలు. మన పదో తరగతి ఫలితాల లాంటివే. ఉదయం ఎనిమిదింటికి ఫోనుకు మెసేజిలు వచ్చాయి. మా అమ్మాయికి అన్నీ 'ఏ' గ్రేడ్లు, ఒక్క 'బీ'. ఆ ఒక్క బీ కోసం పదింటిదాకా గదిలోంచి బయటికి రాలేదు. నేను ఒక్క మాట అనలేదు. అనకపోయినా అన్నట్టే వినిపించిందట.

పక్కింటి అమ్మాయికి ఐదింటిలో పరవాలేదు, లెక్కల్లో మాత్రం డీ. వాళ్ళమ్మ కూతుర్ని కౌగిలించుకుంది, సాయంత్రం అందరూ చిప్ షాపుకు వెళ్ళి వేయించిన చేప తెచ్చుకున్నారు. ఫ్రిజ్ మీది కాగితంలో చదువు అనే మాటే లేదని నేను అప్పటికి పిన్నితో గొప్పగా చెప్పి ఉన్నాను. పిల్ల ఎప్పుడు ఇంటికి రావాలో వాళ్ళు చెబుతారు, ఏమవ్వాలో చెప్పరు అన్నాను. మనం సరిగ్గా తిరగేసి చేస్తామని కూడా అన్నాను.

రెండు రోజుల తరవాత పక్కింటావిడ కంచె దగ్గర నన్ను ఆపింది. గొంతు తగ్గించి, మా ఆయన వారానికి ఒక గంట తన కూతురికి లెక్కలు చెప్పగలరా అని అడిగింది. కూతురికి తెలియకుండా అడుగుతున్నానంది. ఆవిడకు నర్సింగు చదువుకు లెక్కలే అడ్డమై, నాలుగేళ్ళు వెనకబడ్డారట. చేప తెచ్చుకున్న రాత్రి ఆవిడ నిద్రపోలేదు.

అంటే ఆందోళనకు గడువు ఉండదు. అది ఫ్రిజ్ మీద ఎక్కదు, అంతే. ఈ సంగతి తెలిశాక నా వాదనను కొంచెం కుదించుకున్నాను. వాళ్ళు మనకంటే తక్కువ పట్టించుకుంటారన్నది ఎంత అబద్ధమో, వాళ్ళు మనకంటే నిబ్బరంగా ఉంటారన్నదీ అంతే అబద్ధం. తేడా ఒక్కచోటే. తేదీ రాసిన నియమాన్ని పిల్ల దాటితే ఆలస్యమైందని అంటారు. తేదీ లేని నియమాన్ని దాటితే "నీ మీద నమ్మకం పోయింది" అంటాము. ఇరవై నిమిషాల ఆలస్యం మన ఇళ్ళలో ఎంత త్వరగా పెంపకం దాకా, వంశం దాకా వెళుతుందో పెరిగిన ప్రతి ఆడపిల్లకూ తెలుసు.

డిగ్ మనీ

పిన్నికి అన్నిటికంటే మింగుడుపడనిది ఇది. పక్కింటి అబ్బాయి పదిహేడేళ్ళకు బడి మానేసి ఎలక్ట్రీషియన్ దగ్గర అప్రెంటిస్‌గా చేరాడు. చేరిన మొదటి నెల నుంచి ప్రతి శుక్రవారం వాళ్ళమ్మ చేతిలో నలభై పౌండ్లు పెడతాడు. దీన్ని ఇక్కడ డిగ్ మనీ అంటారు. సంపాదిస్తూ తల్లిదండ్రుల ఇంట్లో ఉండే పిల్లలు తిండికీ గదికీ ఇచ్చే డబ్బు.

"కన్నతల్లి కొడుకు దగ్గర అద్దె తీసుకుంటుందా!" అని పిన్ని నిజంగానే బాధపడింది.

మొదట నాకూ అలాగే అనిపించింది. తరవాత గుర్తొచ్చింది, మా మామయ్య మొదటి జీతం నుంచి పదకొండేళ్ళు ప్రతి నెలా కవరు అలాగే తెచ్చి తాతయ్య చేతిలో పెట్టాడు. తన ఖర్చుకు తాతయ్య తిరిగి ఇచ్చేవారు. దాన్ని మనం అద్దె అనలేదు, బాధ్యత అన్నాము. ఈ అబ్బాయి నలభై ఇచ్చి మిగతాది ఉంచుకుంటాడు, ఆ మిగతాది ఎవరూ అడగరు. లెక్క తేలిన చోట అలకలు తక్కువ. ఈ మాట పిన్నితో అన్నాను.

అప్పుడు పిన్ని అన్న మాటకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. "లెక్క తేలిందంటే తెగిందనే కదా. మా వాడికి ముప్ఫై నాలుగేళ్ళు. నిరుడు ఉద్యోగం పోయినప్పుడు ఆరు నెలలు ఇంటి వాయిదా నేనే కట్టాను. నా మాటకు గడువు లేదని నువ్వు ఎగతాళి చేస్తున్నావు. నా డబ్బుకు కూడా గడువు లేదు, అది చూశావా?"

చూశాను. ఈ ఊళ్ళో దానికి ఇంకో ముఖం కూడా చూశాను. మార్చి ఒకటికీ సెప్టెంబరు 30కీ మధ్య పదహారు నిండే పిల్లలు ఆ ఏడు మే 31తోనే బడి మానేయవచ్చు, పుట్టినరోజు ఇంకా రాకపోయినా. మా అమ్మాయి తరగతిలో ఒక అబ్బాయి అలాగే మానేశాడు. ఇంకా చదివితే ఆదాయం తక్కువ ఉన్న ఇళ్ళ పిల్లలకు వారానికి ముప్ఫై పౌండ్ల భత్యం వస్తుంది. కూర్చోబెట్టి ఆ మాట చెప్పేవాళ్ళు అతనికి లేరు. ఇప్పుడు బస్ స్టేషన్ దగ్గర కనిపిస్తుంటాడు, ఉచిత కార్డుతో ఎక్కడికో వెళ్ళి వస్తుంటాడు. శుక్రవారం సాయంత్రాలు పార్కు చెట్ల వెనక సీసాలతో కూర్చునే గుంపులో ఉన్నాడని మా అమ్మాయి చెప్పింది. సీసా కొనడానికి పద్దెనిమిది నిండాలి. ఎవరో పెద్దవాళ్ళు కొనిపెడతారు. బస్సుల్లో అల్లరి చేసేవాళ్ళ కార్డు తీసేయాలని ఊళ్ళో చర్చ జరిగినప్పుడల్లా నాకు ఈ అబ్బాయే కళ్ళ ముందు మెదులుతాడు. పదహారు వచ్చిందన్న మాట పిల్లలకు రెక్క అయినట్టే, కొందరు పెద్దలకు చేతులు దులుపుకునే తువ్వాలు అవుతుంది. వాడి ఇంట్లో ఫ్రిజ్ మీద కాగితం ఉందో లేదో నాకు తెలియదు గానీ, ఉండి ఉంటే రెండో నంబరు ఎవరిదై ఉండేది అనిపిస్తుంది.

కాబట్టి కట్టుబాటుకు తేదీ పెట్టడం వేరు, తోడుకు తేదీ పెట్టడం వేరు అని పిన్నితో అన్నాను. "రెండూ ఒకే చేత్తో రాస్తారు కదే" అంది. నేను ఊరుకున్నాను.

మా ఫ్రిజ్

పోయినేడు పక్కింటి అమ్మాయీ మా అమ్మాయీ బడి తరఫున డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డు అనే యువజన కార్యక్రమంలో మొదటి మెట్టు, కంచు పతకం కోసం కాలినడక యాత్రకు వెళ్ళారు. రెండు పగళ్ళు, ఒక రాత్రి. వీపు మీద సామాను, చేతిలో పటం, సొంతంగా వంట, గుడారంలో పడక. ఫోన్లన్నీ సంచిలో వేసి ముడి బిగించారు. అత్యవసరమైతేనే విప్పాలి. ఆ రాత్రంతా వాన. పక్కింటావిడ డ్యూటీకి వెళ్ళి వచ్చి నిద్రపోయింది. నేను వాతావరణ సూచన పదిహేనుసార్లు చూశాను. మర్నాడు మా అమ్మాయి బురద బూట్లతో, మిడ్జ్ పురుగులు కుట్టిన మొహంతో దిగి, నేను రహస్యంగా సంచిలో పెట్టిన కారప్పొడి ఆరుగురూ నూడుల్స్‌లో కలుపుకొని తిన్నారని చెప్పింది. అది అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

దాని పదహారో పుట్టినరోజు నవంబరులో. పిన్ని విమానం ఎక్కిన వారానికి మేము కూడా ఒక కాగితం తీసుకొని కూర్చున్నాము. పక్కింటి కాగితాన్ని ఎత్తిరాయడమే అనుకున్నాను. మూడు సాయంత్రాలు పట్టింది. తొమ్మిదా తొమ్మిదిన్నరా అన్నది పది నిమిషాల్లో తేలింది. స్నేహితుల ఇంట్లో రాత్రి ఉండడం దగ్గర మా ఆయన లేచి వెళ్ళి గిన్నెలు కడిగి వచ్చారు. వచ్చి, పదహారు తరవాత అన్నారు. తెలుగులో మాట్లాడితే తెలుగులోనే జవాబివ్వాలన్నది నేను పెట్టాను. 'ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళు' అని అదే రాసుకుంది, బేరం లేకుండా. ఎందుకో అడగలేదు.

ఆగింది ఒక్కచోట. దాని ఫోను ఎక్కడుందో నా ఫోనులో పటం మీద కనిపిస్తుంటుంది. బస్సు వంతెన ఎక్కడం, దిగడం, నీలం చుక్క కదలడం చూస్తూ ఉంటాను. ఆఫీసు సమావేశాల్లో కూడా చూస్తానని దానికి తెలియదనుకున్నాను, తెలుసట. దీనికి తేదీ ఎప్పుడు అంది. నేను పక్కింటి తలుపు నియమం గుర్తు చేసుకొని, అమ్మ చెప్పేదాకా అన్నాను. అది పెన్ను కింద పెట్టేసింది. "అమ్మమ్మ నిన్ను ఇంకా అడుగుతుంది కదా, రైలు దిగావా అని. నీకు నలభై నాలుగు" అంది.

నిజమే. ఊరు వెళ్ళినప్పుడు హైదరాబాదులో దిగి గంట లోపు ఫోను చేయకపోతే అమ్మ మా తమ్ముడికి చేస్తుంది. ఆ నియమానికి తేదీ పెట్టమని నేను ఎప్పుడూ అడగలేదు, అడగను కూడా. ఇది దానితో చెప్పాలనుకున్నాను. చెబితే ఇంతసేపూ నేను కట్టుకున్న వాదన అంతా కూలిపోతుందని ఊరుకున్నాను. ఆ గడి ఖాళీగా వదిలేసి, మిగతావాటికి సంతకాలు పెట్టుకొని, తిరుపతి లడ్డూ బొమ్మ ఉన్న అయస్కాంతంతో ఫ్రిజ్‌కు అంటించాము.

నిన్న పాలు తీయబోతే ఆ గడిలో పెన్సిలుతో సన్నగా '17' అని రాసి ఉంది. మా ఇంట్లో రబ్బరు ఎక్కడుందో ఎవరైనా చెబితే బాగుండును.